పిప్పి పన్ను క్యూలో ఆగదు: ప్రభుత్వ దంత వైద్య సేవల అధికారులకు బహిరంగ లేఖ

ప్రభుత్వ దంత వైద్యశాలల్లో అపాయింట్‌మెంట్ల విధానాన్ని నిర్ణయించే అధికారులకు,

నమస్కారం.

ఈ లేఖ రాస్తున్నవాళ్లలో పదకొండు నుంచి పదిహేడేళ్ల పిల్లలున్న తల్లిదండ్రులు ఉన్నారు. తేదీలు ఇచ్చే కౌంటర్ల వెనక కూర్చున్నవాళ్లు, డెంటల్ చైర్ పక్కన నిలబడి పనిచేసేవాళ్లు కూడా ఉన్నారు. ఇదే విషయం మీద ఇంతకు ముందు పంపిన వినతులన్నిటికీ రశీదు నంబర్లు వచ్చాయి, జవాబులు రాలేదు. అందుకే ఈసారి పదిమందీ చదివేలా రాస్తున్నాం. మీ వైద్యుల పనితనం మీద మాకు ఫిర్యాదు లేదు. కుర్చీలో కూర్చున్నాక జరిగే వైద్యం బాగానే ఉంటోంది. ఆ కుర్చీ దాకా చేరడమే గగనమైపోతోంది.

మేం చెప్పదలచింది ఒక్క మాట. ఈ వయసు పిల్లల నోట్లో జరగాల్సిన ప్రతి పనికీ ఒక గడువుంటుంది. కొన్నిటికి గంట, కొన్నిటికి రెండు వారాలు, కొన్నిటికి ఏడాది. మీ బుకింగ్ ఫారం పేరు అడుగుతుంది, పుట్టిన తేదీ అడుగుతుంది, ఫోన్ నంబరు అడుగుతుంది. ఆ గడువు మాత్రం అడగదు. అందరినీ ఒకే వరసలో నిలబెట్టి, వరస చివర ఏ తేదీ ఉంటే అది చేతిలో పెడుతుంది. దీనివల్ల ఏం జరుగుతోందో వివరంగా చెబుతాం.

1. ఈ వయసు పళ్ల సంగతి వేరు

పాలపళ్లు ఊడిపోయాయి, శాశ్వత పళ్లు వచ్చేశాయి, ఇక పెద్దవాళ్లతో సమానమే కదా అనుకోవడం దగ్గరే తప్పు మొదలవుతోంది. ఆరేళ్లకు వచ్చే మొదటి దవడ పన్ను గురించి అందరికీ ఎంతోకొంత తెలుసు. రెండో దవడ పన్ను 11–13 ఏళ్ల మధ్య వస్తుంది. అది నోట్లో బాగా లోపలికి ఉంటుంది, బ్రష్ సరిగా చేరదు. నమిలే భాగం మీద సన్నని లోతైన గాడులుంటాయి. చిగురులోంచి తొంగిచూసింది మొదలు ఎదుటి పంటికి ఆనేదాకా నెలల తరబడి పడుతుంది. ఆ కాలమంతా చిగురు మడత కింద తిన్నది చిక్కుకుంటూనే ఉంటుంది. పైగా కొత్తగా వచ్చిన పంటి మీది గట్టి పొర, ఎనామెల్, ఇంకా గట్టిపడుతూ ఉంటుంది, కాబట్టి పన్ను వచ్చిన మొదటి రెండు మూడేళ్లే ఎక్కువ ప్రమాదం. ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశాల మధ్య దంతాల ఆరోగ్యాన్ని పోల్చడానికి ఎంచుకున్న వయసుల్లో 12, 15 ఉండటం ఊరికే కాదు.

ఆ గాడులను సీలెంట్ అనే రక్షణ పూతతో మూసేయడం చాలా చిన్న పని. పంటిని శుభ్రం చేస్తారు. ఉమ్మి తగలకుండా చుట్టూ దూది పెడతారు. ఫాస్ఫారిక్ యాసిడ్ జెల్ 15–30 సెకన్లు ఉంచి కడుగుతారు. పన్ను సుద్దలా తెల్లగా కనబడేదాకా ఆరబెట్టి, రెజిన్ పూసి, దాదాపు 20 సెకన్లు లైటు పెడతారు. ఇంజెక్షన్ లేదు, డ్రిల్లింగ్ లేదు. పంటికి పది నిమిషాలు చాలు. దంతవైద్యులే చేయాలని కూడా లేదు, చాలా దేశాల్లో శిక్షణ పొందిన డెంటల్ హైజీనిస్టులు వేస్తారు. సీలెంట్ వేసిన రెండేళ్ల వరకు వెనక పళ్లలో 80 శాతం పుచ్చులను ఆపుతుందని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. మెలిక ఒక్కటే: వేసేటప్పుడు ఉమ్మి తగిలితే ఊడిపోతుంది. పన్ను సగమే వచ్చిన పిల్లలకు గ్లాస్ అయానమర్ అనే దంత సిమెంటు తాత్కాలికంగా వేసి, పూర్తిగా వచ్చాక మళ్లీ పిలవాలి. ఆ 'మళ్లీ పిలవడం' మీ వ్యవస్థలో ఎక్కడా లేదు. ప్రతిసారీ మొదటి నుంచి వరసలో నిలబడాల్సిందే.

ఇక కోరపన్ను. పై కోరపన్ను 11–12 ఏళ్లకు రావాలి. అంతకు ముందే, పదేళ్లు వచ్చేసరికి, చిగురు మీద వేలితో తడిమితే ఉబ్బు తెలియాలి. తెలియకపోయినా, ఒక పక్కనే తెలిసినా ఎక్స్-రే తీయాలి. పన్ను అంగిలి వైపు దారి తప్పిందని తేలితే, దాని చోట ఇంకా ఉన్న పాల కోరపన్ను తీసేయడంతోనే చాలాసార్లు సొంత దారికి వచ్చేస్తుంది. 1988లో స్వీడన్ దంతవైద్యులు ఎరిక్సన్, కురోల్ 10–13 ఏళ్ల పిల్లల్లో అలా దారి తప్పిన 46 కోరపళ్లను గమనిస్తే, పాల పన్ను తీశాక 36 సరైన దారికి వచ్చాయి. ఆ అదను దాటితే చిగురు కోయాలి, లోపలి పంటికి చిన్న గొలుసు అతికించాలి, నెలల తరబడి క్లిప్పులతో లాగాలి. ఈలోగా పక్క పంటి వేరు అరిగిపోయే ప్రమాదం ఉంది. పదకొండో ఏట అడిగిన అపాయింట్‌మెంట్ పదమూడో ఏట దొరికితే, దొరికింది అపాయింట్‌మెంటే గానీ ఆ వైద్యం కాదు.

కింది దవడ వెనక్కి ఉన్న పిల్లలకు పెట్టే తీసి పెట్టుకునే పరికరాలదీ ఇదే కథ. అవి ఎదుగుదల ఊపందుకున్న ఏడాది రెండేళ్లలోనే బాగా పనిచేస్తాయి. ఆ ఎదుగుదల మీ వెయిటింగ్ లిస్టు కోసం ఆగదు.

2. గోటితో పోయేది గొడ్డలి దాకా

పుచ్చు ఒక్క రోజులో పట్టదు. మొదట సుద్ద పూసినట్టు తెల్లటి మచ్చ వస్తుంది. ఆ దశలో 5 శాతం సోడియం ఫ్లోరైడ్ వార్నిష్ ఏడాదికి రెండు మూడుసార్లు పూసి, బ్రషింగ్ సరిదిద్దితే ఆగిపోవచ్చు. వార్నిష్ పూయడానికి ఐదు నిమిషాలు. ఎనామెల్ విరిగి గుంట పడితే ఫిల్లింగ్ వేయాలి, అరగంటో ముప్పావుగంటో కుర్చీ కావాలి. పుచ్చు పంటి లోపలి నరం దాకా పోతే రూట్ కెనాల్. దవడ పంటికైతే రెండు మూడు సిట్టింగులు, ఒక్కోటి గంటకు అటూఇటూ, ఆపైన క్యాప్. అదీ కుదరకపోతే పన్ను తీసేయడం. పద్నాలుగేళ్లకు పోయిన పంటి చోటు అరవై ఏళ్లు ఖాళీగా ఉంటుంది, పక్క పళ్లు ఒరుగుతాయి.

ఇందులో వైద్యేతరులకు అంతగా తెలియని విషయం ఇంకోటుంది. పన్ను బయటికి వచ్చాక దాని వేరు చివర మూసుకోవడానికి సుమారు మూడేళ్లు పడుతుంది. అంటే పదమూడేళ్లవాళ్ల రెండో దవడ పంటి వేరు చివర ఇంకా తెరిచే ఉంటుంది. అప్పుడు నరం పైభాగం మాత్రమే దెబ్బతింటే అంతవరకు తీసేసి, కింది నరాన్ని బతికించి, ఎంటీఏ వంటి సిమెంటుతో మూసేస్తారు. వేరు తన ఎదుగుదల తాను పూర్తి చేసుకుంటుంది. ఆలస్యమై నరం మొత్తం చచ్చిపోతే పలచని గోడలున్న ఆ వేరు అక్కడితో ఆగిపోతుంది. తర్వాత ఎంత మంచి రూట్ కెనాల్ చేసినా ఎప్పుడు విరుగుతుందోనన్న భయం ఉండిపోతుంది.

కాబట్టి ఆలస్యం వల్ల మీకు పని తగ్గడం లేదు. ఈ నెల ఐదు నిమిషాల్లో, పది నిమిషాల్లో అయ్యే పని వచ్చే ఏడాది అదే కుర్చీలో మూడు గంటలు తింటుంది. ఆ మూడు గంటల వల్ల ఇంకో డజను మంది పిల్లల చిన్న పనులు వెనక్కిపోతాయి. వాళ్లవీ పెద్ద పనులవుతాయి. తేదీలు దొరకడం లేదనే సమస్యను పెంచి పోషిస్తున్నది తేదీలిచ్చే పద్ధతే.

తేదీ కోసం ఎదురుచూసే ఈ కాలంలో ఇళ్లలో జరిగేది ఎవరి లెక్కలోనూ ఉండదు. పడుకుంటే పంటి పోటు పెరుగుతుంది కాబట్టి పిల్లలు రాత్రిళ్లు కూర్చునే నిద్రపోతారు. ఒక పక్కతోనే నములుతారు. అలా నమలని పక్క పాచి పేరుకుని చిగుళ్లూ చెడతాయి. క్లాసులో తల వాల్చేస్తారు, వాళ్లను బద్ధకస్తులంటారు. తేదీ రాని ఇంట్లో నొప్పి మాత్రలు అయిపోతుంటాయి, డాక్టరు చీటీ లేకుండా యాంటీబయాటిక్స్ మొదలవుతాయి. వాపు, జ్వరం లేని పంటి నొప్పికి యాంటీబయాటిక్ పనిచేయదు. నరానికి పట్టిన మంటను అది తగ్గించలేదు. నొప్పి కాస్త సద్దుమణిగితే "తగ్గిపోయింది" అని తేదీ వదులుకునేవాళ్లూ ఉన్నారు. చాలాసార్లు సద్దుమణిగింది నొప్పి కాదు, నరం చచ్చిపోయింది. చివరికి అప్పు చేసి ప్రైవేటు క్లినిక్‌కి వెళ్లగలిగినవాళ్లు వెళతారు. వెళ్లలేనివాళ్ల పిల్లలే మీ లిస్టులో మిగులుతారు.

3. ఉదయం ఎనిమిది గంటల పరుగు

స్లాట్లన్నీ రోజూ ఒకే సమయానికి ఒకేసారి వదిలితే దొరికేది అవసరం ఉన్నవాళ్లకు కాదు, ఆ నిమిషంలో ఫోన్ చేతిలో ఉన్నవాళ్లకు. ఆ సమయానికి పిల్లలు బడి దారిలో ఉంటారు, అమ్మానాన్నలు పని దారిలో ఉంటారు. లైను బిజీ వస్తుంది, కలిస్తే నిరీక్షణ సంగీతం వస్తుంది, మనిషి దొరికేసరికి "ఈరోజుకు అయిపోయాయి, రేపు చేయండి" అని వినబడుతుంది. రేపు కూడా అదే మాట. నలభై సార్లు మోగిన ఫోను మీ రికార్డుల్లో నలభై విన్నపాలుగా నమోదు కాదు, సున్నాగా ఉంటుంది. కలవని కాల్స్‌ను లెక్కించకుండా "డిమాండ్ అదుపులో ఉంది" అని నివేదికలు రాయడం సరికాదు.

ఆన్‌లైన్‌లో ఇంకో రకం. పిల్లల పేరు మీద ఖాతా తెరవాలంటే సొంత మొబైల్ నంబరు కావాలి. తల్లి నంబరు ఇస్తే "ఈ నంబరు ఇప్పటికే వాడుకలో ఉంది" అంటుంది. పిల్లల నంబరు ఇస్తే ఓటీపీ బడి సంచిలో ఉన్న ఫోనుకు పోతుంది. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో రెండో పేరు చేర్చే చోటే ఉండదు. ఫారం సగంలో సెషన్ ముగిసిపోతే నింపిందంతా పోతుంది. ఇవన్నీ వారం రోజుల్లో సరిచేయగల చిన్న లోపాలు.

4. పిల్లలూ కాదు, పెద్దలూ కాదు

ఎక్కువ ఫారాల్లో రెండే గడులుంటాయి: పిల్లల విభాగం, పెద్దల విభాగం. పిల్లల విభాగం పన్నెండేళ్లకో పద్నాలుగేళ్లకో తలుపు మూస్తుంది. పెద్దల విభాగం పద్దెనిమిది నిండాలంటుంది. మధ్యలో ఉన్నవాళ్లను ఫోన్లో ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిప్పుతారు. దీనికన్నా ఘోరం, వయసు దాటిన రోజున పేరు ఒక లిస్టులోంచి తీసి రెండో లిస్టు అడుగున చేర్చడం. ఎదురుచూసిన నెలలన్నీ గాలికి పోయినట్టే. సగం అయిన క్లిప్పుల వైద్యానికి కూడా ఇదే రూలు వర్తింపజేస్తే, ఆ పిల్లల నోట్లో తీగలను ఎవరు తీయాలో మీరే చెప్పండి.

రిఫరల్ లెటర్ల గడువు ఇంకో చిక్కు. లెటర్‌కు ఆరు నెలలు చెల్లుబాటు అంటారు, తేదీ ఎనిమిదో నెలలో ఇస్తారు. వెళ్లిన రోజు కౌంటర్‌లో "లెటర్ కాలం చెల్లింది, కొత్తది తెండి" అంటారు. కొత్త లెటర్ కోసం మళ్లీ అపాయింట్‌మెంట్. ఇంతకన్నా తమాషా ఏముంటుంది?

5. ఒక వైద్యం, అనేక తేదీలు

దంత వైద్యంలో సగం పనులు ఒక్కసారితో అయ్యేవి కావు. రూట్ కెనాల్ మొదటి సిట్టింగు తర్వాత వేసే తాత్కాలిక ఫిల్లింగ్ సుమారు 4 మిల్లీమీటర్ల మందం ఉన్నా కొన్ని వారాలకే అరుగుతుంది, అంచుల్లోంచి ఉమ్మి దిగుతుంది. రెండో సిట్టింగు మూడు నెలలకు వస్తే శుభ్రం చేసిన నరం గదిలో మళ్లీ క్రిములు చేరతాయి. మొదటి రోజు చేసిన పని మళ్లీ చేయాలి. మధ్యలో పన్నే చీలిపోతే తీసేయడం తప్ప దారి లేదు.

క్లిప్పులు వేసుకున్నవాళ్లు నాలుగు నుంచి ఎనిమిది వారాలకోసారి రావాలి. పంటికి అతికించిన ఒక బ్రాకెట్ ఊడినా, తీగ చెంపకు గుచ్చుకున్నా పదిహేను నిమిషాల మరమ్మతు చాలు. దానికి కూడా కొత్త రోగిలా వరసలో నిలబడమంటే పంటి కదలిక ఆగిపోతుంది, కొన్నిసార్లు తిరుగుముఖం పడుతుంది. బ్రాకెట్ చుట్టూ పాచి నిలిస్తే నాలుగు వారాల్లోనే తెల్ల మచ్చలు కనబడొచ్చు. వాటిలో కొన్ని క్లిప్పులు తీశాక కూడా ఉండిపోతాయి.

అన్నిటికన్నా కఠినమైన గడువు దెబ్బతో ఊడివచ్చిన శాశ్వత పంటిది. దంత గాయాల మీద అంతర్జాతీయ సంఘం ఐఏడీటీ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల సారం ఇది: వేరు ముట్టుకోకుండా పైభాగం పట్టుకోవాలి. మట్టి అంటితే పాలతోనో సెలైన్‌తోనో ఊరికే కడగాలి, రుద్దకూడదు. వెంటనే దాని గుంటలోనే పెట్టి శుభ్రమైన గుడ్డ కొరికి పట్టుకోమనాలి. పెట్టలేకపోతే పాలలో వేసి పరిగెత్తాలి. నీళ్లు అంత మంచివి కావు, కానీ గాలికి ఎండనివ్వడం కన్నా నయం. గాలికి ఎండిపోయి గంట దాటితే వేరు మీది కణాలు బతకవు. పాలపన్ను అయితే తిరిగి పెట్టకూడదు. వేరు పూర్తిగా ఏర్పడిన పంటికి రెండు వారాల్లో రూట్ కెనాల్ మొదలుకావాలి, పక్క పళ్లకు కట్టిన తీగ మామూలుగా రెండు వారాలకు విప్పాలి. ఆ తర్వాత 4 వారాలు, 3 నెలలు, 6 నెలలు, ఏడాది, ఆపైన కనీసం ఐదేళ్ల దాకా ఏటా చూడాలి.

ఈ తేదీల వరస వైద్యుడికి మొదటి రోజే తెలుసు. మీ సాఫ్ట్‌వేర్ మాత్రం ఒకసారికి ఒక్క తేదీయే ఇస్తుంది. రెండు వారాల తర్వాతి తేదీ కోసం ఫోన్ చేస్తే "నాలుగు నెలల దాకా ఖాళీ లేదు" అంటుంది. పన్ను బతికించిన డాక్టరు శ్రమ క్యాలెండర్ దగ్గర ఓడిపోతోంది.

6. రాలేదని కొట్టేసిన పేర్లు

రెండుసార్లు రాకపోతే పేరు తీసేస్తామంటారు. ఎందుకు రాలేదో చూడండి. ఏడు నెలల క్రితం ఇచ్చిన తేదీ వార్షిక పరీక్ష రోజున పడింది. గుర్తుచేసే మెసేజ్ మార్చేసిన నంబరుకు పోయింది. మెసేజ్ వచ్చినా తేదీ మార్చమని చెప్పడానికి మళ్లీ అదే బిజీ లైను. తేదీ ఎంత దూరంగా ఉంటే రానివాళ్లు అంత ఎక్కువవుతారు, ఇది అపాయింట్‌మెంట్లు నడిపే ఎవరికైనా అనుభవమే. దూరం తేదీ ఇచ్చింది మీరు, శిక్ష పిల్లలకు.

వచ్చినా తిరిగిపోయేవాళ్లు కూడా ఉన్నారు. అమ్మమ్మతోనో అన్నతోనో వచ్చిన పదిహేనేళ్ల పిల్లను సమ్మతి సంతకం చేసేవాళ్లు లేరని వెనక్కి పంపేస్తారు. ఆ అరగంట కుర్చీ ఖాళీగా ఉంటుంది. సమ్మతి ఎవరివ్వాలో చట్టం ఎలా చెబితే అలాగే కానివ్వండి, కానీ ఆ మాట తేదీ ఇచ్చేటప్పుడే చెప్పాలి. ఉబ్బసం, గుండె జబ్బు, మందుల అలర్జీ, వాడుతున్న మందులు, ఇవన్నీ కూడా కుర్చీలో కూర్చోబెట్టాక అడిగితే పని ఆగిపోతుంది.

భయం గురించి ఎవరూ మాట్లాడరు. చిన్నప్పటి ఇంజెక్షన్ గుర్తున్న పదమూడేళ్లవాళ్లు డ్రిల్ చప్పుడుకే బిగుసుకుపోతారు. వాళ్లకు మొదటిసారి ఇరవై నిమిషాలు, ఏ పనీ చేయకుండా, చూడటానికే కావాలి. మీ క్యాలెండర్‌లో అలాంటి స్లాట్ రకమే లేదు. ఆటిజం ఉన్నవాళ్లకు, వీల్‌చైర్‌లో వచ్చేవాళ్లకు కావాల్సినవి రాసే గడి కూడా లేదు.

వరస పొడవు గురించి ఒక లెక్క

"సిబ్బంది తక్కువ, కాబట్టి ఆలస్యం" అనే జవాబు వస్తుందని తెలుసు. సిబ్బంది కొరత నిజమే. కానీ వరసల లెక్క వేరే మాట కూడా చెబుతుంది. 1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం ప్రకారం, నిలకడగా నడిచే వరసలో ఉన్నవాళ్ల సంఖ్య అంటే వారానికి చేరేవాళ్ల సంఖ్యను సగటున వేచి ఉండే వారాలతో గుణించగా వచ్చేది. ఉదాహరణకు లిస్టులో 900 మంది ఉండి, వారానికి 30 మంది చేరుతూ 30 మంది బయటపడుతుంటే, ఒక్కొక్కరు సగటున 30 వారాలు ఆగుతారు. ఇక్కడ గమనించాల్సింది ఇది: లిస్టు పెరగకుండా అలాగే ఉందంటే రోజువారీ పనికి మీ సిబ్బంది సరిపోతున్నారన్నమాట. ఆ 900 ఎప్పుడో పేరుకున్న పాత బాకీ. దాన్ని ఒక్కసారి తీర్చేస్తే, సిబ్బందిని శాశ్వతంగా పెంచకుండానే నిరీక్షణ తగ్గిపోతుంది, మళ్లీ పెరగదు. లిస్టు నెలనెలా పెరుగుతుంటేనే కొత్త పోస్టులు కావాలి. మీ లిస్టు ఈ రెంటిలో ఏ రకమో చెప్పడానికి చేరినవాళ్లు, బయటపడ్డవాళ్లు అనే రెండు అంకెలు చాలు. అవి ఎక్కడా ప్రచురించడం లేదు. 1990లలో అమెరికాలో మార్క్ ముర్రే, క్యాథరీన్ టాంటో ప్రాథమిక వైద్యంలో ప్రచారంలోకి తెచ్చిన 'ఇవాళ్టి పని ఇవాళే' పద్ధతికి మూలం కూడా ఇదే: ముందు పాత బాకీ తీర్చు, తర్వాత ప్రతిరోజూ కొన్ని స్లాట్లు ఆ రోజు వచ్చేవాళ్లకే ఉంచు.

2021 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సభ నోటి ఆరోగ్యం మీద తీర్మానం చేసింది. అదే ఏడాది ఫ్లోరైడ్ టూత్‌పేస్టు, పుచ్చును ఆపడానికి పూసే సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్, గ్లాస్ అయానమర్ సిమెంటు ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో చేరాయి. ఆ సంస్థ 2023–2030 నోటి ఆరోగ్య కార్యాచరణ ప్రణాళిక ప్రకారం 2030 నాటికి ప్రపంచ జనాభాలో 80 శాతానికి అత్యావశ్యక దంత సేవలు పొందే హక్కు ఉండాలి. హక్కు ఉండటం వేరు, తేదీ దొరకడం వేరు.

మా డిమాండ్లు

1. తేదీ ఇచ్చే ముందు ఐదు ప్రశ్నలు అడగాలి: దెబ్బ తగిలిందా? ముఖం వాచిందా? నొప్పికి రాత్రి నిద్రపోలేకపోతున్నారా? మధ్యలో ఆగిన వైద్యం ఉందా? రావాల్సిన పన్ను రాలేదా? జవాబును బట్టి గడువు నిర్ణయం కావాలి. దెబ్బకు అదే గంట. వాపుకు అదే రోజు. నిద్రపోనివ్వని నొప్పికి రెండు రోజుల్లోపు. మధ్యలో ఆగినవాటికి వైద్యుడు రాసిన వారంలోనే. మిగతావి మామూలు వరస. వాపు కంటి దాకో గొంతు కిందికో పాకినా, నోరు తెరవలేకపోయినా, మింగడం లేదా ఊపిరి కష్టమైనా తేదీ మాట ఎత్తకుండా నేరుగా అత్యవసర విభాగానికి పంపాలి. ఈ ఒక్క వాక్యం ఫోను ఎత్తే ప్రతి ఒక్కరి బల్ల మీద అంటించి ఉండాలి.

2. ప్రతి రోజూ, ప్రతి కుర్చీకి, మొదటి గంటలో కొంత సమయం ఆ రోజు నొప్పితో వచ్చేవాళ్లకు ఖాళీగా ఉంచాలి. ఎన్ని నిమిషాలన్నది గత మూడు నెలల్లో అలా వచ్చినవాళ్ల లెక్క చూసి నిర్ణయించండి, ఊహించి కాదు.

3. స్లాట్లన్నీ ఒకే నిమిషంలో వదలొద్దు. ఉదయం కొన్ని, మధ్యాహ్నం కొన్ని, సాయంత్రం ఏడు తర్వాత కొన్ని వదలండి. లైను కలవకపోతే నంబరు వదిలి, తిరిగి కాల్ పొందే ఏర్పాటు ఉండాలి. కలవని కాల్స్ లెక్క నెలనెలా రాయాలి.

4. పుట్టినరోజు కారణంగా ఎవరి పేరూ లిస్టు అడుక్కి పోకూడదు. చేరిన తేదీయే స్థానాన్ని నిర్ణయించాలి. రిఫరల్ లెటర్ మీరు ఇచ్చిన తేదీ దాకా చెల్లాలి. 12–17 వయసుకు ఫారంలో ప్రత్యేక గడి ఉండాలి, దాని వెనక బాధ్యత తీసుకునే ఒక విభాగం ఉండాలి.

5. మొదటి సిట్టింగు రోజే మిగతా తేదీలన్నీ చేతికివ్వాలి. కౌంటర్‌లో కాదు, కుర్చీ పక్కనే.

6. గుర్తుచేసే మెసేజ్‌లు రెండు రావాలి, వారం ముందొకటి, ముందురోజొకటి. తల్లిదండ్రులకు, పిల్లలకు ఇద్దరికీ. "రాలేను" అని జవాబిస్తే తేదీ రద్దయి, కొత్తది అక్కడే ఎంచుకునేలా ఉండాలి. ఖాళీ అయిన స్లాటు గంటలో చేరుకోగలం అని ముందే చెప్పినవాళ్లకు పోవాలి. ఏ పేరైనా తీసేసే ముందు ఒక మనిషి ఫోన్ చేసి మాట్లాడాలి.

7. సమ్మతి పత్రం, ఆరోగ్య వివరాల పత్రం తేదీతో పాటే ఇవ్వండి. చట్టం అనుమతించినచోట ఫోన్లో సమ్మతి తీసుకోండి. పెద్దవాళ్లు పక్కన లేకుండా పిల్లలు డాక్టరుతో ఐదు నిమిషాలు మాట్లాడే వీలు ఉండాలి. అమ్మ ముందు చెప్పని సంగతులు ఆ వయసులో ఉంటాయి, వాటిలో కొన్ని నోట్లోనే కనబడతాయి.

8. సీలెంట్, వార్నిష్ పనులను డాక్టర్ల వరసలోంచి తీసేసి హైజీనిస్టులకు వేరే వరస పెట్టండి. వీలైతే బడికే పంపండి. ఒక కుర్చీ, ఒక లైటు, ఇద్దరు మనుషులు చాలు. దీనికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు.

9. బడి వదిలాక ఉన్న స్లాట్లలో కొన్ని క్లిప్పులు, రూట్ కెనాల్ మధ్యలో ఉన్న పిల్లలకు కేటాయించండి. నెలకోసారి సగం రోజు బడి పోతే ఏడాదికి ఎన్ని పాఠాలు పోతాయో లెక్క కష్టం కాదు.

10. ప్రతి నెలా ఐదు అంకెలు ప్రచురించండి: లిస్టులో చేరినవాళ్లు, వైద్యం పూర్తయి బయటపడ్డవాళ్లు, సగం మంది ఎన్ని వారాల్లోపు కుర్చీ చేరారు, చేరకుండా మానేసినవాళ్లు, ఖాళీగా పోయిన స్లాట్లు. 12–17 వయసువాళ్లవి విడిగా చూపండి. సగటు ఒక్కటే చూపిస్తే పొడుగాటి నిరీక్షణలు దాని వెనక దాక్కుంటాయి.

వీటిలో మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు డిమాండ్లకు కొత్త కుర్చీ గానీ, కొత్త డాక్టరు గానీ అవసరం లేదు. ఈ ఐదిటినీ మూడు నెలల్లో అమలు చేయాలని కోరుతున్నాం. మిగతావాటిలో ఏది చేయగలరు, ఏది చేయలేరు, చేయలేకపోతే ఎందుకు అన్నది ఈ లేఖ అందిన 30 రోజుల్లో రాతపూర్వకంగా తెలపండి. రశీదు నంబరు వద్దు.

ఇట్లు,
టీనేజ్ పిల్లల తల్లిదండ్రులు, దంత వైద్య సిబ్బంది